సాంచాల గల్లీలో కాలర్ మైకు: నేనిచ్చిన ఐదు స్టార్లు వెనక్కి తీసుకుంటున్నా

ముందే చెప్పేస్తున్నా. ఈ మైకు నాకు ఎవరూ ఫ్రీగా ఇవ్వలేదు. 2023 డిసెంబర్ చివర్లో హైదరాబాద్ కోఠిలో, గుజరాతీ గల్లీలో సొంత డబ్బు 2,150 రూపాయలు పెట్టి కొన్నాను. షాపు అతను మొదట చెప్పింది 2,800. ఉచితంగా తీసుకుని పొగిడితే అది యాడ్ అని చూసేవాళ్లకు చెప్పాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే రూల్ పెట్టింది. ఏడాదిలో ఇరవై వేలకు మించిన సరుకు అలా ఫ్రీగా అందితే పది శాతం టీడీఎస్, అంటే ముందే కట్ చేసే ఇన్‌కమ్ ట్యాక్స్, కూడా ఉంటుంది. నాకు ఆ టెన్షన్ లేదు. ఇంతవరకు నాకు ఎవరూ సబ్బు బిళ్ల కూడా పంపలేదు.

కొన్న రెండు నెలలకే ఈ మైకుకు ఐదు స్టార్లు ఇచ్చి, "సూపర్ క్లారిటీ, కళ్లు మూసుకుని కొనండి" అని రెండు లైన్లు రాశాను. ఆ మాట నమ్మి కొన్నామని ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు. అది తప్పుడు రివ్యూ. కావాలని అబద్ధం రాయలేదు, అప్పుడు నాకే తెలియలేదు. ఎందుకు తెలియలేదో చివర్లో చెప్తాను.

కంపెనీ పేరు రాయను. ఆ గల్లీలోనే ఇదే మైకు నాలుగు పేర్లతో నాలుగు డబ్బాల్లో కనిపించింది, నేను తెచ్చిన పేరు ఇప్పుడు ఉందో లేదో కూడా అనుమానమే. గుర్తులు చెప్తాను: బొటనవేలంత మైకులు రెండు, ఫోన్‌కు ఛార్జర్ పెట్టే చోట గుచ్చే రిసీవర్ ఒకటి, మూడూ పడుకునే తెల్ల డబ్బా, గాలి కొట్టకుండా తొడిగే బొచ్చు టోపీలు రెండు. మైకు నెత్తిన ఒకే ఒక బటన్. ఒకసారి నొక్కితే పచ్చ లైటు వచ్చి చుట్టుపక్కల చప్పుడు తగ్గుతుంది. గబగబా రెండుసార్లు నొక్కితే మైకు మూగబోతుంది. ఈ రెండో పని గుర్తుపెట్టుకోండి, దాని కథ ఉంది.

నేను సిరిసిల్లలో కామెడీ వీడియోలు చేస్తాను. నేనూ, మా నానమ్మా. పాలిటెక్నిక్ చదివేటప్పుడు టిక్‌టాక్‌లో మొదలుపెట్టాను. ఇరవై ఒక్క వేల మంది ఫాలోవర్లు వచ్చాక, 2020 జూన్ 29న ప్రభుత్వం యాప్‌నే బ్యాన్ చేసింది. రెండు రోజులు అన్నం సహించలేదు. నానమ్మకైతే ఎవరో చనిపోయారేమో అని అనుమానం. మళ్లీ సున్నా నుంచి యూట్యూబ్‌లో మొదలుపెడితే ఇప్పుడు 38 వేల మంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. మా పక్క జిల్లా జగిత్యాలలో లంబాడిపల్లి ఉంది, మై విలేజ్ షో వాళ్ల ఊరు. అక్కడి గంగవ్వ 2020లో బిగ్ బాస్ ఇంటికి వెళ్లొచ్చినప్పటి నుంచి మా నానమ్మ నన్ను ఒకటే అడుగుతోంది: "నన్నెప్పుడు తోలిస్తవురా?" 2024లో గంగవ్వ రెండోసారి కూడా వెళ్లింది. ఆ వారం నానమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఇక మైకు అవసరం ఎందుకొచ్చిందంటే, మాది బీవై నగర్. ఇంటికి కుడివైపు సాంచాలు, ఎడమవైపు సాంచాలు. బయటివాళ్ల కోసం చెప్తున్నా, సాంచా అంటే మరమగ్గం. అది పొద్దూ మాపూ టకటకమంటూనే ఉంటుంది. ఇక్కడ పుట్టినవాళ్ల చెవికి ఆ చప్పుడు ఎక్కదు. మా ఇంటికి వచ్చిన చుట్టాలు మాత్రం తెల్లారి ఎర్రటి కళ్లతో లేస్తారు. మాకు ఉల్టా, రాత్రి కరెంటు పోయి సాంచాలు ఆగితే మెలకువ వస్తుంది.

ఫోన్ మైకుకు ఆ అలవాటు లేదు కదా. ఒక వీడియోలో నేను, "నానమ్మా, ఫోన్‌కు ఓటీపీ వచ్చిందా?" అంటాను. నానమ్మ తల కూడా ఎత్తకుండా, "వస్తే వచ్చింది గని, అరుగు మీద కూసోమను," అంటుంది. నవ్వు మొత్తం ఆ "గని"లో ఉంది. ఆమె గట్టిగా అనదు, మెల్లగా నోట్లో అనుకున్నట్టు అంటుంది. వీడియోలో చూస్తే టకటక, టకటక, పెదవులు కదిలాయి, అంతే. చూసేవాళ్లు ఎక్కడ ఆపేస్తున్నారో యూట్యూబ్ స్టూడియోలో గీత గీసి చూపిస్తారు. ఆ వీడియో గీత సరిగ్గా నానమ్మ మాట దగ్గర మెట్ల మీద నుంచి పడ్డట్టు పడింది. కింద ఒక కామెంట్: "బ్రో, నానమ్మ ఏమన్నది? రైలు పోతున్నదా వెనక?"

మా వీడియోలు చూసేవాళ్లు చాలామంది ఫోన్ స్పీకర్‌లో వింటారు. బస్సులోనో, వంట చేస్తూనో. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఊరుకుంటారు. మాట వినపడకపోతే మాత్రం వేలు పైకి జరుగుతుంది. ఇది తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. అంతకుముందు అప్పు చేసి రింగ్ లైటు కొన్నాను. నానమ్మ దాని మీద చీర ఆరేసింది.

మధ్యలో ఒక వైరు మైకు వాడాను, ఆరు మీటర్ల వైరు. మాట బాగానే వచ్చేది. కానీ నానమ్మ ఒకచోట కూర్చునే మనిషి కాదు. డైలాగు మధ్యలో లేచి పొయ్యి మీద పాలు చూడటానికి పోతుంది, వెనక వైరు, వైరు వెనక స్టాండు, స్టాండుతో పాటు నా ఫోన్. రెండుసార్లు డిస్‌ప్లే మార్పించాక హైదరాబాద్‌కు జేబీఎస్ బస్సెక్కాను. అక్కడి నుంచి మెట్రోలో సుల్తాన్ బజార్‌లో దిగితే కోఠి నడిచిపోయే దూరం. బేరం ఎక్కువసేపు సాగలేదు. షాపులోనే నా ఫోన్‌కు పెట్టి మాట్లాడించి, వినిపించి ఇచ్చాడు. అలా వినకుండా మాత్రం కొనకండి. కొన్ని ఫోన్లలో ఓటీజీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే తప్ప రిసీవర్ లైటే వెలగదు, అందులో కొన్ని పది నిమిషాలు ఖాళీగా ఉంచితే వాటంతట అవే ఆపేస్తాయి. ఇంటికి తెచ్చాక మైకు పాడైందని తిరుగు బస్సెక్కినవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు వాడకం సంగతి. నానమ్మకు మైకు పెట్టడం ఒక విద్య. దీని క్లిప్పు చొక్కా కాలర్ కోసం చేసింది, చీర కొంగు కోసం కాదు. కొంగుకు పెడితే బరువుకు జారి నడుం దగ్గరికి వస్తుంది. మెడ దగ్గర పెడితే గుండ్ల దండ తగిలి టిక్ టిక్ అంటుంది. గంజి పెట్టిన చీర అయితే కదిలినప్పుడల్లా ఎండుటాకులు తొక్కినట్టు వినపడుతుంది. గాజులు సరేసరి. చాలా రోజులు తంటాలు పడ్డాక ఎడమ భుజం మీద, కొంగు మడతల్లోకి పిన్నీసు గుచ్చి, ఆ పిన్నీసుకు క్లిప్పు పెడుతున్నాను. మైకు వెనక పుండుకు వేసే తెల్ల టేపు చిన్న ముక్క. గంజి చీర షూటింగ్ రోజు బంద్. బొచ్చు టోపీ ఒకటి పిల్లి ఎత్తుకుపోయింది. దాని బదులు మా తమ్ముడి చిన్నప్పటి మంకీ క్యాప్ కత్తిరించి కుట్టాను. నిజం చెప్పాలంటే అదే గాలిని బాగా ఆపుతోంది.

రేంజ్ 200 మీటర్లు అని డబ్బా మీద ఉంది. నేను టేపు పెట్టి కొలవలేదు. కానీ మా నానమ్మ కొలిచింది. ఒకరోజు షాట్ అయిపోయాక మైకు తీయడం మరిచిపోయాను, ఫోన్ స్టాండు మీద రికార్డ్ అవుతూనే ఉంది. ఆమె అలాగే గల్లీలోకి ముచ్చట్లకు పోయింది. రాత్రి ఎడిటింగ్‌లో కూర్చుంటే ఖాళీ అరుగు బొమ్మ మీద నానమ్మ గొంతు.

"వీడియోకు వంద ఇస్తనన్నడు. పది వీడియోలైనయ్. ఐదు నూర్లే చేతుల పెట్టిండు. అడిగితే డాలర్లు రాలేదంటడు. డాలరంటే నాకెర్కలేదా? నా చిన్న బిడ్డ అల్లుడు దుబాయిల లేడా?"

దుబాయ్‌లో డాలర్లు ఉండవని ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. రెండో ఇంటి దాకా మాట అద్దంలా ఉంది. మూడో ఇంటి దగ్గర తెగుతూ అతుకుతూ వచ్చింది. నాలుగో ఇల్లు, నీళ్ల ట్యాంకు దగ్గర, గొంతు తగ్గించి, "అసలు ఆడు ఆ పైసలన్ని ఏం జేస్తున్నడంటే..." అన్నది. అంతే, కట్. ఆ తర్వాత ఏమన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. గల్లీలో మాత్రం అందరికీ తెలుసు. మర్నాడు పొద్దున బాకీ ఐదు వందలూ ఇచ్చేశాను.

కాబట్టి ఇళ్ల మధ్య అయితే మూడిళ్ల దూరం, గోడలు లేని పొలంలో అయితే ఇంకొంచెం ఎక్కువ. ఈ మైకు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, వైఫై, బ్లూటూత్ కూడా నడిచేది అక్కడే. మనిషి ఒళ్లు అడ్డం వస్తే సిగ్నల్ తగ్గుతుంది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయినప్పుడు ఇది బాగా తెలిసింది. నానమ్మ నాకు పది అడుగుల దూరంలోనే ఉంది, మధ్యలో జనం. ఆమె అమ్మవార్లకు నా గురించి ఏదో మొక్కింది. ముక్కలు ముక్కలుగా నా పేరొక్కటే వినపడింది.

మైకు మూగబోయే కథ 2024 బతుకమ్మ అప్పటిది. తంగేడు పూలు పేర్చుతూ నానమ్మ, మా అమ్మ, పక్కింటి అత్తమ్మ గంటన్నర సేపు ముచ్చట పెట్టారు. అలాంటి ముచ్చట రాసుకుంటే రాదు. కొంగు సర్దుకుంటూ నానమ్మ బటన్‌ను రెండుసార్లు నొక్కింది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అప్పటికప్పుడు వినడానికి ఈ రిసీవర్‌లో రంధ్రం లేదు. మైకు మీద లైటు మారింది గానీ, అది కొంగు మడతలో ఉంటే నాకెట్లా కనపడుతుంది? మళ్లీ చేద్దామంటే నానమ్మ ఒప్పుకోలేదు. "ఒకపారి నవ్విన ముచ్చటకు మళ్లెట్ల నవ్వుతర్రా?" అన్నది. ఆమె చెప్పింది కరెక్టే. ఈ మైకులో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ ఒక్క రంధ్రం లేకపోవడం. రెండు వందలు ఎక్కువైనా పర్వాలేదు, అది ఉన్న మైకు దొరికితే అదే తీసుకోండి.

బ్యాటరీ కొత్తలో ఐదు గంటలు వచ్చేది, ఇప్పుడు మూడు. రిసీవర్ ఫోన్ ఛార్జ్‌నే తింటుంది, అది ఉండగా ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోలేం.

2,150 ఎక్కువా తక్కువా అంటే, నా లెక్కలో ఎక్కువే. ఈ పనిలో డబ్బులు ఎలా వస్తాయో చాలామందికి తప్పుడు అంచనా ఉంది. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వాచ్ టైమ్ దాటాక నాకు యాడ్స్ డబ్బు మొదలైంది. పది డాలర్లు అయ్యాక, అడ్రస్ సరిచూడటానికి గూగుల్ పంపే పిన్ నంబరు కార్డు పోస్టులో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ నౌకరీ కాగితం అనుకుని నాన్నను పిలిచి మరీ ఇచ్చాడు, పాపం నాన్న చేతులు కడుక్కుని తీసుకున్నాడు. పెద్ద వీడియోల యాడ్ డబ్బులో మనకు 55 శాతం, షార్ట్స్ లెక్కలో 45 శాతం. వంద డాలర్లు దాటితేనే బ్యాంకుకు వస్తుంది, లేకపోతే వచ్చే నెలకు జమ. నాకు మంచి నెల అయితే ఏడు వేల దాకా వస్తుంది, కొన్ని నెలలు ఏమీ పడదు. అసలు నన్ను నడిపిస్తున్నది షాపు ఓపెనింగులు. చీరల షాపు, మండీ హోటల్, కొత్త సెలూన్, ఒక్కోదానికి మూడు వేలు. నానమ్మ వస్తే నాలుగు. ఆమెకు చీర విడిగా ఇవ్వాలి.

ఒకసారి టెలిగ్రామ్‌లో బెట్టింగ్ యాప్ ఏజెంటు తగిలాడు. వీడియో చివర పది సెకన్లు చెప్తే ఇరవై వేలు అన్నాడు. ఆశ పుట్టలేదంటే అబద్ధం. ఆ డబ్బుతో పెద్ద కంపెనీ మైకు సెట్టే వచ్చేది. కానీ మా బావ అలాంటి యాప్‌లోనే చిట్టీ ఎత్తిన డబ్బు పోగొట్టుకుని, అక్కను పుట్టింట్లో వదిలి నెల రోజులు కనిపించకుండా పోయాడు. నేను ఆ పది సెకన్లు మాట్లాడితే అక్క చూస్తుంది కదా. వద్దన్నాను. 2025 మార్చిలో అలాంటి ప్రచారాలు చేసినవాళ్ల మీద హైదరాబాద్ పోలీసులు కేసులు పెట్టినప్పుడు, నానమ్మ టీవీ ముందు కూర్చుని ఒక్కో మొహం రాగానే "ఈడు నీ దోస్తా?" అని అడిగింది.

ఇప్పుడు ఐదు స్టార్ల సంగతి.

మైకు తెచ్చాక మొదటి వీడియో 2024 సంక్రాంతి తర్వాత తీశాను. చప్పుడు తగ్గించే బటన్ నొక్కకుండానే నానమ్మ మాట గుడి గంటలా వచ్చింది. ఆమె ఊపిరి తీసుకోవడం వినపడింది, అమ్మ పక్కన బీడీలు చుడుతుంటే తునికాకు మీద కత్తెర ఆడటం వినపడింది. కామెంట్ల నిండా "ఆడియో కేక", "మైకు లింక్ పెట్టు అన్నా". ఆ ఊపులోనే ఐదు స్టార్లు కొట్టేశాను.

అది మైకు గొప్పతనం కాదు. ఆ నెలల్లో మా గల్లీలో సాంచాలు నడవలేదు. 2017 నుంచి ఏటా ప్రభుత్వం ఇచ్చే బతుకమ్మ చీరల ఆర్డరే సిరిసిల్లకు పెద్ద పని. ఆ ఏడాది ఆ పని చేతికి రాలేదు, ఆసాములు, అంటే సాంచాల ఓనర్లు, ఒక్కొక్కరే సాంచాలు ఆపేశారు. నాన్న సాంచాల మీదే పనిచేస్తాడు. పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని పోయి పదకొండింటికి తిరిగి వచ్చేవాడు, తర్వాత పోవడమే మానేశాడు. ఇంత నిశ్శబ్దం ఇంట్లో ఉంటే నాకు పట్టలేదంటే నా బుద్ధి ఎక్కడుందో చూడండి. నేను వీడియో గీత చూసుకుంటున్నాను, ఎక్కడా పడటం లేదని సంతోషపడుతున్నాను.

ఏం తోచక నాన్న వచ్చి నా వెనక నిలబడేవాడు. స్టాండు ఎందుకురా, నేను పట్టుకుంటానన్నాడు. దారం తెగితే సాంచా ఆపకుండానే ముడి వేసిన చేతులు, ఫోన్ అంగుళం కదిలేది కాదు. కాకపోతే నానమ్మ ఏదైనా అనగానే కెమెరా వెనక నుంచి కిచకిచ నవ్వేవాడు. మైకు నానమ్మ భుజం మీద ఉన్నా ఆ నవ్వు వచ్చేసేది, గల్లీ అంత సైలెంటుగా ఉంది మరి. "వెనక నవ్వే అన్న ఎవరు?" అని కామెంట్లు. మా నాన్నకు యాభై రెండు.

ఎండాకాలంలో పక్క షెడ్డులో ఎనిమిది సాంచాలు మళ్లీ కదిలాయి. మైకు అసలు సంగతి ఆ రోజు తెలిసింది. బటన్ నొక్కకపోతే మళ్లీ రైలు. నొక్కితే టకటక బాగానే పోతుంది, దానితో పాటు నానమ్మ మాటల చివరలు కూడా పోతాయి. "కూసోమను" అంటే "కూసో" అని వినపడుతుంది. గొంతు కుండలో నుంచి వచ్చినట్టు ఉంటుంది. ఆ మెల్లని "గని" అయితే పూర్తిగా మాయం. మైకు దృష్టిలో అది కూడా చప్పుడే.

2025లో ప్రభుత్వం మహిళా సంఘాలవాళ్లకు ఇచ్చే చీరల పని వచ్చాక గల్లీ మొత్తం నడుస్తోంది, నాన్న రాత్రి షిఫ్టుకు పోతున్నాడు. ఇప్పుడు నేను బటన్ ఆపేసే తీస్తున్నాను. మైకు భుజం నుంచి ఇంకా పైకి జరిపి, మేం సాంచాల వైపు ముఖం పెట్టకుండా, గోడకు రెండు బొంతలు వేలాడదీసి. వెనక కొంచెం టకటక వస్తుంది. రానియ్యి. సిరిసిల్ల అని వేరే రాయక్కర్లేదు.

రేటింగ్ ఐదుకు మూడు. ప్రశాంతమైన ఊళ్లో ఉండి, ఒకరిద్దరు కూర్చుని మాట్లాడే వీడియోలైతే హాయిగా కొనుక్కోండి, ఇంకో అర స్టారు కలుపుకోండి. రైస్ మిల్లు పక్కనో, హైవే మీదనో, మా గల్లీ లాంటి చోటనో ఉంటే చప్పుడు తగ్గించే బటన్‌ను నమ్మి కొనకండి. పాత రివ్యూ నమ్మి కొన్నవాళ్లు నన్ను క్షమించాలి. కావాలంటే బొంతల ఐడియా వాడుకోండి, దానికి ఖర్చు లేదు.

నానమ్మ కూడా జాగ్రత్త నేర్చుకుంది. షాట్ అయిపోగానే భుజం మీద పిన్నీసు తనే తీసి, మైకును తెల్ల డబ్బాలో పడుకోబెట్టి, మూత రెండుసార్లు నొక్కి చూస్తుంది. "బంద్ అయిందా, సక్కగ జూడు," అని నాతో ఒట్టు వేయించుకుని, అప్పుడు పోతుంది నీళ్ల ట్యాంకు దగ్గరికి.